దయ్యం వంతు

"తాగవే. గ్లాసు చేత్తో పట్టుకుని దాని మొహం చూస్తావేం? దానికేమన్నా పెళ్ళిచూపులా?"

"దాహం లేదత్తా."

"పొద్దున్నించీ కలుపు తీశావు. ఎండ నెత్తి మాడ్చేసింది. పెదాలు తడుముకో, పొట్టు లేచిపోయాయి. దాహం లేదంటుంది!"

"కాసేపాగి తాగుతా."

"నిన్నా కాసేపాగే అన్నావు. మొన్నా అదే పాట. ఆ కాసేపు ఎప్పుడొస్తుందే తల్లీ?"

"రాత్రికి తాగుతాలే."

"రాత్రి తాగితే రాత్రే బయటికెళ్ళాలి గనక రాత్రీ తాగవు. నాకు కళ్ళు లేవనుకున్నావా? ఎందుకలా వంగి కూర్చున్నావు?"

"నడుం నొప్పి."

"నడుం వెనకుంటుంది. నువ్వు ముందు పట్టుకున్నావు."

వాడ చివర ఒంటిగది ఇల్లు. ఎండ వాలింది. కోడలు కాపురానికొచ్చి నెల కూడా నిండలేదు. ఆ గదిలో తను ఎక్కడ కూర్చోవాలో ఇంకా కుదురుకోలేదు.

"మంటగా ఉందా? పోసేటప్పుడు?"

"అత్తా!"

"ఏంటి అత్తా? ఉచ్చ అనే మాట నోట్లోంచి వస్తే నోరేం పాడైపోదు. ఉచ్చ లోపల దాచుకుంటే ఒళ్ళు పాడైపోద్ది. చెప్పు."

"మంటే. చలిజ్వరం కూడా వచ్చిపోతోంది."

"ఆఖరుసారి ఎప్పుడెళ్ళావు?"

"తెల్లారకముందు, మీ అందరితో. నీ కొంగు పట్టుకుని, పొద అంచున."

"ఆ తర్వాత?"

"తర్వాతేం లేదు."

"చేలో ఉన్నంతసేపూ?"

"చేలో ఎక్కడ కూర్చోమంటావు? గట్టు మీద మేస్త్రీ. రోడ్డు మీద ట్రాక్టర్లు. మీరైతే ఆ ముళ్ళపొదల్లోకి చక్కగా పోయొస్తారు, నవ్వుకుంటూ. నేను పోను."

"ఎందుకు పోవు?"

"ఎందుకో నీకు తెలుసు."

"నీ నోటితో విందామని."

"దయ్యముంది. నవ్వకత్తా, నేను విన్నాను. వచ్చిన రెండో రోజే విన్నాను. 'ఎక్కడున్నావే... ఎక్కడున్నావే...' అని. చెట్టులోంచో మట్టిలోంచో తెలీదు. ఆ రాత్రంతా ఆయన చెయ్యి పట్టుకుని పడుకున్నా."

"వాడికి లాభమే."

"నవ్వొద్దన్నానా! మీరే కదా అన్నారు, పాత మనుషుల్ని ఏం చెయ్యదు, కొత్త కోడళ్ళనే పట్టుకుంటుందని."

"అన్నాం. సరే, ఎలా ఉంది?"

"ఏది?"

"ఏడుపు. బాగుందా? ఒళ్ళు జలదరించిందా?"

"నెత్తురు గడ్డకట్టింది."

"అది నేనే."

"ఏంటి?"

"నేనేనే పిచ్చిదానా. ఆ రోజు నా వంతు. తర్వాత మూడు రోజులు మీ చిన్నత్త. దాని గొంతు కాస్త మేకలా ఉంటుంది, గమనించలేదా? నోరు ముయ్యి, ఈగలు పోతాయి."

"అంటే దయ్యం..."

"లేదు. మేమే. వాడలో ఆడాళ్ళందరం. వంతులేసుకుని ఏడుస్తాం."

"ఎందుకత్తా? మతి లేకనా?"

"మతి ఉండే. నువ్వు పుట్టిన చోట ఎక్కడికెళ్ళేవాళ్ళు?"

"రైలు కట్ట మీదికి. రైలొస్తే అందరం లేచి నిలబడేవాళ్ళం. పోయాక కూర్చునేవాళ్ళం. డ్రైవరు మమ్మల్ని చూసి కూతేసేవాడు. మా అమ్మ అనేది, మహారాణులకి కూడా ఇంత మర్యాద జరగదని."

"మాకు రైలు కూడా లేదు. కాలువ గట్టుండేది, ఆసామి ముళ్ళ కంచె వేశాడు. బడి వెనక గోడుండేది, గోడ మీద గాజు పెంకులు గుచ్చారు. రోడ్డు పక్కన కూర్చుంటే ప్రతి బండీ లైటు మన మీదే ఆగేది. అదేంటో, ఆ లైట్లకి గుంతలు కనపడవు, ఆడాళ్ళు కనపడతారు."

"ఇంటి వెనక ఓ గది కట్టుకుంటే?"

"ఎవరి నేల మీద? ఈ గోడ కింద మట్టి కూడా ఆసామిదే. ఇటుక మీద ఇటుక పెడితే ఉన్న గది పీకేస్తానన్నాడు. ఇక మిగిలింది ఆ పొదలు. అక్కడా పేకాటగాళ్ళు చేరారు. ఈలలు. టార్చిలైట్లు. ఓ పిల్ల మీద రాయి కూడా వేశారు, నవ్వుకుంటూ. దయ్యం వచ్చింది, అంతా పోయారు. మనిషిని చూసి సిగ్గుపడని మగాడు దయ్యాన్ని చూసి సిగ్గుపడ్డాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు? నేనిక్కడ చచ్చి బతుకుతున్నా!"

"కొత్త కోడళ్ళకి చెప్పకూడదని కట్టడి. పుట్టింటికెళ్ళి నోరు జారతారు. ఓ బిడ్డ పుట్టాక చెప్తాం. అప్పటిదాకా భయపడాలి. మీరు నిజంగా భయపడితేనే ఊరు నమ్ముతుంది."

"అంటే మా భయంతో మీరు దయ్యాన్ని పెంచుతున్నారు."

"అలా అంటే అలాగే. తప్పే. నీ పెదాలు చూసి నాకే ఒళ్ళు మండింది, నా మీద. అందుకే కట్టడి దాటి చెప్తున్నా."

"అందుకేనా?"

"ఆఁ."

"అత్తా, నా మొహం చూసి చెప్పు. అందుకేనా?"

"ఇంకోటి కూడా ఉంది. ఇవాళ దయ్యం వంతు నీది."

"నాదా!"

"ఆసామి చిన్నకొడుకు గోడౌను కడతాడట ఆ పొదల చోట. రేపు తవ్వే మిషను వస్తోంది. ఈ సాయంత్రం నించే కొత్త కాపలావాణ్ణి పెట్టాడు. ఎక్కణ్ణించో తెచ్చాడు, దేనికీ భయపడడట. వాడు ఈ సాయంత్రం అరుచుకుంటూ పరిగెత్తాలి. వాడు పరిగెత్తితే మిషనువాడు రాడు. పరిగెత్తకపోతే రేపట్నించి మనకి కూర్చోడానికి జానెడు నేలుండదు. ముసలాళ్ళకి, కడుపుతో ఉన్నాళ్ళకి, ఎవరికీ."

"నువ్వే ఏడవొచ్చుగా?"

"నా దగ్గు విను. ఇటుకబట్టీ దగ్గు ఇది, వదల్దు. టీ కొట్టు దగ్గర నవ్వుకుంటున్నారట, దయ్యానికి కూడా దగ్గొచ్చిందే, మాత్ర ఇద్దామా అని. మీ చిన్నత్తది మేక గొంతు. మిగతావాళ్ళ గొంతులన్నీ పెద్దవీధి వాకిళ్ళలో రోజూ వినేవే. నీ గొంతు ఈ ఊళ్ళో ఎవరూ వినలేదు. ఇంట్లో నేనే సరిగ్గా వినలేదు."

"నాకు భయం."

"దేనికి? దయ్యం నువ్వే అయితే ఇంక భయం దేనికే?"

చీకటి ఇంకా పడలేదు. పొదల మధ్య ఆడవాళ్ళ పాదాలు తొక్కి తొక్కి నున్నగా చేసిన చిన్న జాగా. కోడలి చేతిలో మూతి విరిగిన ఖాళీ కుండ.

"మొహం కుండలో పెట్టు. ఇంకా లోపలికి. ఆఁ, ఇప్పుడు ఏడువు. గట్టిగా కాదు, పొట్టలోంచి."

"ఎక్కడున్నావే..."

"ఎవర్నో అన్నానికి పిలిచినట్టుంది."

"ఎక్కడున్నావే..."

"అది నయం. కుండలో ఏడిస్తే గొంతు ఎటునించి వస్తుందో తెలీదు. వాడు అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, ఏం తోచక పరిగెత్తుతాడు. ఊపిరి మాత్రం కుండ బయట తీసుకో. ఓసారి మీ చిన్నత్త లోపలే తీసుకుని కళ్ళు తిరిగి పడింది. దయ్యం చచ్చిందనుకున్నాం."

"నవ్వించకు, పొట్ట నొప్పి. అత్తా, ఇదంతా ఎవరికి తోచింది మొదట? ఎవరో తెలివైనామె అయ్యుండాలి."

"తెలివీ లేదు, తెల్లకాకీ లేదు. ముల్లు జాగ్రత్త."

"చెప్పు."

"ఎవరూ అనుకుని మొదలెట్టలేదు. నేను ఏడ్చాను, అంతే."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరేడుస్తారు?"

"నాకో కూతురుండేది."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటే, కన్నప్పట్నించీ. నీ మొగుడికి అక్క. ఉంటే నీకు వదినయ్యేది."

"ఆయన ఒక్క మాట కూడా..."

"వాడెలా చెప్తాడు? వాడికప్పుడు ముక్కు తుడుచుకోవడం రాదు. అది ఆసామి ఇంట్లో పశువుల కొట్టం ఊడ్చేది. ఓ రోజు పనికెళ్ళింది, ఇంటికి రాలేదు. ఎవడో లారీవాడితో ఎక్కి పోయిందన్నారు. ఆసామి పాలేరు కళ్ళారా చూశానన్నాడు. నవ్వుకుంటూ ఎక్కిందట. నవ్వు కూడా చూశాడట, వెధవ."

"నువ్వు నమ్మావా?"

"అందరూ అంటే నమ్మనా? నీ మావ ఇంట్లో దాని పేరెత్తనిచ్చేవాడు కాదు. ఏడిస్తే కొట్టేవాడు. ఇంకెక్కడ ఏడవను? ఇక్కడికొచ్చి కూర్చున్నప్పుడే ఏడ్చేదాన్ని. ఆ పనీ ఈ పనీ ఒకేసారి అయిపోయేవి."

"అయ్యో."

"అయ్యో అనకు, విను. ఓ రోజు పేకాటగాళ్ళు నా ఏడుపు విన్నారు. చెప్పులొదిలేసి పరిగెత్తారు. మర్నాటికి ఊరంతా దయ్యం, దయ్యం. చూడు, ఎవరో ఆడది ఏడుస్తోందే, మనిషేమో, ఏమైందో కనుక్కుందామని ఒక్కడికి తోచిందా? వాడ ఆడదాని ఏడుపు వాళ్ళకి మనిషి ఏడుపులా వినపడలేదు. సరే, వినపడకపోతే పోనీ, దయ్యంలాగే బతుకుదాం అనుకున్నా. నేను అలిసిపోతే మిగతావాళ్ళు వంతులేసుకున్నారు. మాటలు మాత్రం నావే ఉంచారు."

"ఇప్పటికీ నువ్వు ఏడిస్తే అది నిజం ఏడుపేనా?"

"మొదట్లో నిజం. తర్వాత పని. ఇప్పుడేది ఏదో నాకే తెలీదు. దాన్ని తిట్టిన తిట్లు ఎవరినీ తిట్టలేదు నేను. నీ కాళ్ళు విరగ, నీ కడుపు మాడ అన్నాను. అదే నోటితో ఎక్కడున్నావే అంటాను. చాల్లే. నేను కాలువ తూము దగ్గర ఉంటా, మీ చిన్నత్తతో. ఇక్కడి మాటలు అక్కడికి వినపడవు. ఎవరన్నా మందిగా వస్తే నీళ్ళలో రాయి వేస్తా, నువ్వు వెనకవైపు నించి దూరిపో. సరేనా?"

"అత్తా."

"ఏంటి?"

"ఇక్కడే కూర్చోనా? నువ్వు కూర్చునే చోట?"

"అక్కడే. నేల మెత్తగా ఉంటుంది."

అత్త వెళ్ళింది. పొదల బయట కర్ర నేలకి తగులుతున్న చప్పుడు, ఒక మగవాడి కూనిరాగం.

"ఎక్కడున్నావే... ఎక్కడున్నావే..."

"ఎవరదీ?"

"ఎక్కడున్నావే..."

"ఓహో, నువ్వేనా! చెప్పారు, చెప్పారు. చూడమ్మా దయ్యం, నేను కాపలావాణ్ణి. శ్మశానం గోడ పక్కన పుట్టి పెరిగాను. ఇలాంటివి శానా చూశా. ముందు ఒక్క సంగతి చెప్పు. ఏ వీధి దయ్యానివి నువ్వు?"

"ఎక్కడున్నావే..."

"నేనెక్కడున్నానో కాదు, నువ్వెక్కడిదానివో చెప్పు. పెద్దవీధా, వాడా? పెద్దవీధి అమ్మగారివైతే తప్పయిపోయింది తల్లీ, చెప్పులిప్పి దణ్ణం పెట్టి పోతా. వాడ దానివైతే ఇదిగో కర్ర, కాళ్ళిరగ్గొడతా."

"దయ్యాలకి కాళ్ళుంటాయట్రా?"

"ఎదురు మాటా! తేలిపోయింది. వాడ దయ్యమే. పెద్దవీధి దయ్యమైతే గంభీరంగా ఉండేది."

"చచ్చినవాళ్ళని కులమడుగుతావా? నోరు పడిపోద్ది!"

"ఎందుకడగను? చచ్చినా ఎవరి శ్మశానం వాళ్ళకే ఉంది. పెద్దవాళ్ళ పొలంలో ఏడవడానికి నీకెంత ధైర్యం? పో, మీ వాడలో ఏడువు. పోతావా, రమ్మంటావా లోపలికి? వస్తున్నా."

"రాకు! వస్తే నీ గొంతు కొరుకుతా!"

"వాడ దయ్యం నోరు నాకు తగిలితే స్నానం చేస్తా, అంతే కదా. వస్తున్నా, కాస్కో."

"ఆగు."

"ఎవరూ? అయ్యగారూ! ఆసామిగారూ! మీరెందుకొచ్చారండీ ఈ ముళ్ళలోకి?"

"నువ్వు ఇంటికి పో."

"అయ్యా, భయపడకండి, ఇది వాడ దయ్యమేనని తేల్చేశాను. నాలుగు తగిలిస్తే..."

"పొమ్మన్నానా! మళ్ళీ కబురు చేసేదాకా రాకు. నీ చేతిలో ఏంటది?"

"కర్రండీ."

"అది నాకు చూపించకు. తీసుకుని పో."

"పోతున్నానండీ. చిత్తమండీ. మీ కొడుకుగారడిగితే మీరే పొమ్మన్నారని చెప్తానండీ."

కాపలావాడి అడుగులు దూరమయ్యాయి. కోడలు మొహం కుండలోంచి తియ్యలేదు. ఆసామి కదలలేదు.

"ఏడువు. ఆపావేం? నీ కోసమే వచ్చాను, ఏడువు."

"ఎక్కడున్నావే..."

"ఇది మీ అమ్మ గొంతు కాదు."

"ఎక్కడున్నావే..."

"ఇన్నేళ్ళూ ఏడ్చింది మీ అమ్మ. ఊరందరికీ దయ్యం, నాకు మీ అమ్మే. మేడ మీద కిటికీ మూసుకున్నా వినపడేది. దగ్గు కూడా గుర్తుపట్టేవాణ్ణి. మనిషే కదా, ముసలిదై పోతే ఆగిపోతుందిలే అనుకున్నాను. ఇది పడుచు గొంతు. ఇన్నాళ్ళకి నువ్వే వచ్చావా పిల్లా?"

"ఎక్కడున్నావే..."

"నన్నడుగుతావేం? నువ్వెక్కడున్నావో నీకు తెలీదా? నేనే కదా పడుకోబెట్టాను. నేనూ పాలేరూ. వాడు పోయాడు, ఇక నాకొక్కడికే తెలుసు. ఒక్క దెబ్బ. ఒక్కటే. నువ్వే చెప్పు, రెండో దెబ్బ వేశానా? దాహమేస్తే అడగాలి. ఎవరో ఒకరొచ్చి దోసిట్లో పోసేదాకా ఆగాలి. అందరూ ఆగేవాళ్ళు కదా! తాగేనీళ్ళ బిందె ముట్టుకుంటావా? మా అమ్మ అరిచింది. నా చేతిలో కర్రుంది. అంత తేలిగ్గా పడిపోతావని నాకేం తెలుసు? బిందె నీ మీద దొర్లింది. నీళ్ళన్నీ నేలపాలు."

"నీళ్ళు..."

"ఇంకా దాహమేనా నీకు?"

"నీళ్ళు..."

"అలా అడక్కు. అప్పుడూ అదే అడిగావు. పొయ్యలేదు. పోస్తే ఏమైపోయేది? ఏమీ అయ్యేది కాదు. విను, విను పిల్లా. రేపు మా చిన్నాడు మిషను తెస్తాడు. వాడికేం తెలీదు, అప్పుడు బళ్ళో చదువుకుంటున్నాడు. కన్నకొడుక్కి నేనేమని చెప్పను? నిన్ను బయటికి తీస్తారు. నేను తియ్యనివ్వను. దయ్యాన్ని నా కళ్ళతో చూశానని చెప్తా ఇప్పుడే. నా మాట కాదనడు. ఈ పొదల మీద ఎవడూ చెయ్యి వెయ్యడు, నేను పోయాక కూడా వెయ్యరు, ఒట్టు వేయించుకుంటాను. వాడ ఆడాళ్ళు వస్తారు, పోతారు, వాళ్ళనీ ఏమనను. నువ్వు పడుకో. మీ అమ్మ కల్లోకి మాత్రం వెళ్ళకు. చెప్పవు కదా? మీ అమ్మకి చెప్పవు కదా?"

"పో."

"ఏంటి?"

"పో ఇక్కణ్ణించి."

"పోతా. పోతా. పోతున్నా."

కాలువ తూము దగ్గర అత్త, చిన్నత్త. కోడలు ముళ్ళు గీరుకున్న చేతులతో వచ్చింది. కుండ లేదు.

"ఏమైంది? పరిగెత్తాడా?"

"పోయాడత్తా."

"అరిచాడా? మాకు వినపడలేదే. చిన్నదానా, విన్నావా నువ్వు? ఇదీ వినలేదు. మరి మిషను?"

"రాదు."

"నీకెలా తెలుసు?"

"రాదు, అంతే. ఎప్పటికీ రాదు. మనల్నెవరూ ఏమీ అనరు ఇంక."

"నీ నోరు చక్కన! చిన్నదానా, పో, వాడంతా చెప్పు. కోడలు పిల్ల మొదటి వంతులోనే గెలిచిందని చెప్పు. ఊరికే నిలబడతావేం, పో! ఇదిగో, సీసాలో నీళ్ళున్నాయి. తాగు. ఇప్పుడు కడుపు నిండా తాగు, ఏ భయం లేదు."

"వద్దత్తా."

"ఇంకా ఏంటే?"

"నీళ్ళు చూస్తే... వద్దు."

"చేతులకి ఆ గీతలేంటి? వాడు నీ మీద చెయ్యేశాడా? చెప్పు, వాడి చెయ్యి విరగ్గొట్టి..."

"లేదు, లేదు. ఆసామి వచ్చాడు."

"ఆసామా? పొదల్లోకా? ఆయన అటు చూడను కూడా చూడడే, ఇన్నేళ్ళలో."

"వచ్చాడు. ఆయనే కాపలావాణ్ణి పంపించేశాడు. మిషను ఆపేస్తానన్నాడు."

"నీతో అన్నాడా, దయ్యంతో అన్నాడా?"

"దయ్యంతో."

"అబద్ధం. ఆయన దయ్యాలు నమ్మడు. ఓసారి వాకిలి ఊడుస్తుంటే నా మొహం చూసి, 'గొంతు బాలేదేంటి, రాత్రి ఎక్కువ ఏడ్చావా' అన్నాడు. చీపురక్కడే వదిలేసి వచ్చేశా. ఎవరికీ చెప్పలేదు నేను. అంతా తెలిసినాయన ఇవాళ నీకెందుకు భయపడ్డాడు?"

"నాకు తెలీదు."

"ఏమన్నాడు?"

"ఏదో అన్నాడు."

"ఏమన్నాడే?"

"అత్తా, ఇంటికి పోదాం పద. జ్వరం పెరుగుతోంది."

"నా మొహం చూడు. నిన్ను ఏమని పిలిచాడు?"

"పిల్లా అని."

"ఏ పిల్ల? చెప్పవేం? నోట్లో మాట పెట్టుకుని మింగుతావేం?"

"నేను చెప్తే పొదలు పోతాయి."

"ఏంటీ?"

"చెప్పకపోతే ఉంటాయి. ఎప్పటికీ ఉంటాయి. ఆయనే కాపలా కాస్తాడు మనకి. వాడలో ఆడాళ్ళందరూ హాయిగా పోయొస్తారు, నీళ్ళు తాగుతారు, ఎవరికీ జ్వరాలు రావు. చెప్తే మాత్రం నువ్వే ఉంచనివ్వవు. ఇప్పుడు చెప్పు, చెప్పమంటావా? వద్దులే అను అత్తా. నీకు దణ్ణం పెడతా, వద్దులే అను."

"చెప్పు."

"వదిన లారీ ఎక్కలేదు."

"ఏ వదిన?"

"నీ కూతురు. ఎక్కలేదు. ఎవడితోనూ పోలేదు. దాహమేసి వాళ్ళ బిందె ముట్టుకుంది. ఆసామి కర్రతో కొట్టాడు. ఒక్క దెబ్బే అన్నాడు, ఒక్కటేనని మళ్ళీ మళ్ళీ అన్నాడు. నన్ను వదిననుకున్నాడు. నాతో చెప్పుకున్నాడు."

"కొడితే?"

"అత్తా..."

"కొడితే ఏమైంది? ఆస్పత్రికి తీసుకెళ్ళాడా? ఎక్కడికి పంపాడు? ఎక్కడుంది?"

"ఎక్కడికీ పంపలేదు."

"ఎక్కడుందే?"

"ఇన్నేళ్ళూ అదే అడిగావు కదత్తా. దాని మీద కూర్చునే అడిగావు."

అత్త పొదల వైపు రెండడుగులు వేసింది.

"కూర్చో. పడిపోతావు, కూర్చో. నా భుజం పట్టుకో. ఏడువు అత్తా, ఎవరూ లేరు."

"దాని మీద ఉచ్చ పోశానే నేను."

"నీకు తెలీదు."

"వాడంతా పోసింది. రోజూ. పొద్దునా సాయంత్రం. నవ్వుకుంటూ పోయొచ్చాం. మన చోటు, మన చోటు అనుకున్నాం. మెత్తగా ఉందని నిన్ను కూడా అక్కడే కూర్చోబెట్టాను."

"నీకు తెలీదత్తా. ఎవరికీ తెలీదు."

"కాళ్ళు విరగ అన్నానే దాన్ని. కడుపు మాడ అన్నానే."

"ఏడువు."

"ఏడవను. ఏడ్చింది చాలు. ఆయన ఇంకా చిన్నకొడుకుతో మిషను ఆపమని చెప్పలేదు కదూ? లే. నన్ను లేపు. ఆయన చెప్పేలోపు ఆ పిల్లాడి దగ్గరికి పోవాలి."

"పోయి?"

"దయ్యం లేదని చెప్పాలి. ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఆడించింది వాడ ముసలిది, ఇదిగో దాని దగ్గు, విను అని చెప్పాలి. ఒళ్ళు మండి పొద్దు పొడవకముందే తెస్తాడు మిషను. వాళ్ళ నాన్న అడ్డం పడుకున్నా తవ్విస్తాడు. నా పిల్ల బయటికొస్తుంది."

"అందరూ ఏమంటారు? చిన్నత్త ఇప్పటికే వాడంతా చెప్పేసుంటుంది, గెలిచామని. మిషనొస్తే పొదలు పోతాయి. రేపట్నించి మనం ఎక్కడికి పోతామత్తా?"

"నడివీధికి. ఆసామి గుమ్మం ముందు కూర్చుంటాం, వాడ ఆడాళ్ళందరం, పట్టపగలు, వాళ్ళు తలుపులేసుకునేదాకా. నువ్వు నడువు, ముందు మిషను రావాలి."